మగ్గాలు ఆపి విన్న మాట

ఆ శనివారం తిరుపతి నుంచి నగరికి వచ్చే బస్సులో నేను కూర్చోలేదు. సీటు దొరక్క కాదు, కూర్చోబుద్ధి కాక. పుత్తూరు దాటేదాకా కమ్మీ పట్టుకుని నిలబడి, ముందురోజు కళాశాల సభామందిరంలో నేను వేసిన ప్రశ్నలనే మనసులో మళ్లీ మళ్లీ వేసుకుంటూ వచ్చాను. వాదన పోటీ తుది చర్చలో ప్రత్యర్థిని ప్రశ్నించడానికి మూడు నిమిషాలు ఇస్తారు. నేను ఐదు ప్రశ్నలు వేశాను. ఐదింటికీ "అవును" అన్న జవాబే వచ్చింది. ఐదోది పలికేసరికి ఎదుటి అమ్మాయి తన వాదనను తన నోటితోనే కూల్చేసుకుంది. సభంతా చప్పట్లు. ఒక మనిషి చేత ఒక మాట పలికించడంలో ఇంత బలం ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

మా శిక్షణలో దీనికొక పద్ధతి ఉంది. జవాబు చెప్పేవాళ్లకు అవును, కాదు అన్న రెండు తలుపులే తెరిచి ఉంచాలి. ఏ తలుపులోంచి బయటికి వచ్చినా అక్కడ మనమే నిలబడి ఉండాలి. వివరణ మొదలుపెట్టబోతే "ధన్యవాదాలు, సమయం లేదు" అని మర్యాదగా ఆపాలి. ఆ మర్యాద నాకు మహా ఇష్టం. గొంతు పెంచకుండా, ఒక్క తిట్టు లేకుండా, పూర్తి గౌరవంతో ఎదుటివాళ్లను ఓడించవచ్చు. మరమగ్గాల మోతలో పుట్టి, "అన్నం తిన్నావా" అన్న మాట కూడా అరిచి అడిగే ఇంట్లో పెరిగిన నాకు, అంతకు మించిన నాగరికత ఉంటుందని తోచలేదు.

వీధి మలుపు తిరిగేసరికి నిశ్శబ్దంగా ఉంది. మా వీధిలో పట్టపగలు మగ్గాలు ఆగాయంటే కరెంటైనా పోయి ఉండాలి, మనిషైనా పోయి ఉండాలి. అంతలో నాయన గొంతు వినిపించింది. ఆ గొంతులోని జోరు చూస్తే పోయింది కరెంటే అని తెలిసింది.

నాయనవి ఎనిమిది మగ్గాలు. గోడకు అవతల మామవి ఆరు. మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. పక్కింటివాడు, నాయనతో పాటు ఒకే వారంలో మొదటి మగ్గం దించుకున్నవాడు, నాకు మాటలొచ్చినప్పటి నుంచి మామ. రెండు షెడ్లకూ నడుమ గోడ ఒక్కటే. ఆ పొద్దు ఇద్దరూ ఎవరి గడప మీద వాళ్లు నిలబడి, వీధి ఆ చివరి వరకు వినిపించేలా మాట్లాడుకుంటున్నారు.

"నీ తొందర కోసరం నా గుడ్డ పొయ్యిందప్పా! గోడ మింద దబదబా తట్టి తట్టి ఆయమ్మను కుదురుగా కూసోనిచ్చినావా?" అన్నాడు మామ.

"ఈడ నేను తడితే ఆడ నీ మగ్గంలో రంగు మారిపోతాదా? తలకాయేమన్నా తిరగతా ఉండాదా నీకు?" అన్నాడు నాయన.

"తిరగతా ఉండాది. నీ మొకం సూస్తే తిరగతా ఉండాది."

"అయితే సూడబాక. ఆ పక్కకు తిరిగి మాట్లాడు."

కరెంటు లేక బయటికొచ్చిన వీధి జనం అరుగుల మీద కూర్చుని నవ్వుతున్నారు.

జరిగింది ఇది. మామ మగ్గం మీద గళ్ల లుంగీల గుడ్డ నేశారు. నలుపు, ముదురు నీలం పక్కపక్కన నడిచే గళ్లు. ట్యూబులైటు కింద ఆ రెండు రంగులూ కవల పిల్లల్లా ఉంటాయి. గుడ్డ కొనే వ్యాపారి దాన్ని ఎండలో విప్పి చూసేసరికి, నలుపు ఉండాల్సిన చోట నీలం పోగు ఒకటి, నీలం ఉండాల్సిన చోట నల్ల పోగు ఒకటి, గుడ్డ ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీసినట్టు కనిపించాయి. గుడ్డ మొత్తం తిరిగొచ్చింది.

పోగులు అతికింది అత్త. మా వీధిలోని షెడ్లన్నిటికీ ఆమె అవసరం. ఆ రోజు మామ తర్వాతి వంతు మాది, త్వరగా ముగించి రమ్మనే నాయన గోడ తట్టాడు. మగ్గానికి ఎక్కించిన పడుగు బీము, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. రెండు వేలకు పైచిలుకు పోగులు. అత్త మగ్గం లోపలికి దూరి, కాళ్లు ముడుచుకుని కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలను కలిపి ఒక్క మెలి తిప్పుతుంది. అంతే, పోగు అతుక్కుంటుంది. వీధి మొత్తానికి ఆమె అత్తే, లేదంటే అక్క. భర్త లేడు, పిల్లలు లేరు. ఆమెకున్న ఆస్తి ఆ రెండు వేళ్లకున్న పేరు. "ఆయమ్మ అతికితే మళ్లీ సూసుకోబన్లేదు" అన్న పేరు.

ఆ గొడవలో ఆమె కూడా ఉంది. నాయనకూ మామకూ నడుమ, వీధిలో, కొంగు భుజం మీదికి లాక్కుని నిలబడి ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు చూస్తోంది.

బ్యాగు అరుగు మీద పెట్టి నేను వీధి మధ్యలోకి నడిచాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే సంతోషంగా ఉన్నాను. మా నాయన మీద నింద పడుతోంది, నా చేతిలో ఆయుధం ఉంది, వినడానికి వీధి నిండా మనుషులున్నారు.

"మామా, ఈ తప్పు జరగడానికి మూడే అవకాశాలున్నాయి," అన్నాను సభలో మాట్లాడినట్టే. "బీము తయారైన చోట తప్పు జరిగి ఉండాలి, నేసేటప్పుడు జరిగి ఉండాలి, లేదా అతికేటప్పుడు జరిగి ఉండాలి. బీము వచ్చినప్పుడు రంగుల వరుస మీరే సరిచూసుకున్నారా లేదా?"

"సూసుకున్నా," అన్నాడు మామ.

"నేసేటప్పుడు పోగు తనంతట తాను చోటు మారుతుందా?"

"ఎట్లా మారతాది?"

"అయితే మిగిలింది ఒకటే." అత్త వైపు తిరిగాను. "మీరు చెప్పండి. నలుపు, నీలం పోగులు రెండింటినీ ఒకేసారి చేతిలోకి తీసుకున్నారా? అవునా, కాదా?"

అత్త నా ముఖంలోకి చూసింది. "అవును. అయితే పాపా..."

"అయితే అక్కర్లేదండీ. ధన్యవాదాలు," అన్నాను.

అరుగుల మీద ఎవరో ఈల వేశారు. "లాయరమ్మ వచ్చిందిరోయ్" అన్నారు ఇంకెవరో. నాయన మీసం కింద నవ్వు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఒక్కసారిగా వీధి వీధంతా మోత. మగవాళ్లు మగ్గాల దగ్గరికి పరుగెత్తారు. అత్త నడివీధిలో నిలబడే ఉంది. ఏదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి. మా వీధి పిల్లను, పెదవులు చూసి మాట చదవడం నాకు వచ్చు. నేను చూడలేదు. బ్యాగు తీసుకుని ఇంట్లోకి వెళ్లాను.

నాయనను గెలిపించాను. ఆ ముక్క ఆదివారం సాయంకాలం నేను తిరుపతికి బస్సెక్కేదాకా ఆయనే పదిసార్లు అన్నాడు.

బుధవారం ఫోన్ చేసినప్పుడు ఆ మాట అనలేదు.

"అక్క పనికి రాలేదు పాపా. మన బీము అట్లనే పడుండాది. మామ బీము గూడా."

"ఎందుకు రాలేదు?"

"యాల వస్తాది? వెనక వీధి షెడ్డాయన సోమవారం రమ్మనుండె, ఇప్పుడు వద్దన్నాడంట. కండ్లు పొయ్యినాయంట ఆయమ్మకు, అని చెప్పుకుంటా ఉండారు. బోర్డరు అవతల తమిళనాడు నుంచి ఎవురో మొగుడూ పెండ్లాలు వస్తారంట అతకడానికి, వాళ్లను పిలిపిస్తా ఉండారు."

"కళ్లు పోయాయని ఎవరన్నారు? నేనా మాట అనలేదే."

"నువ్వనలేదు. రెండు పోగులని నువ్వన్నావు. మంగళవారానికి ఇరవై అయినాయి. ఇప్పుడు కండ్లే పొయ్యినాయి."

నేను వెంటనే వాదనలోకి దిగాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే కదా, ఆమె స్వయంగా ఒప్పుకుంది కదా, ఎవరు తప్పు చేశారో తేలాలి కదా. నాయన అంతా విన్నాడు. వెనక మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"ఎవురు అనేది నువ్వు తెచ్చినావు పాపా. నేనూ మామా అరుచుకున్నాం, అరుచుకుంటే రెండు దినాలకు సల్లబడతాం. మగ్గంలో పోగు తెగితే యాడ తెగిందని సూస్తాం గానీ ఎవురు తెంచినారని అడగం. అడగతా కూసుంటే ఇంగో పది తెగతాయి." ఆ మాట అంటుండగానే అక్కడేదో తెగినట్టుంది, "ఉండు" అని ఫోన్ పెట్టేశాడు.

నేను తరగతి గది బయట వరండాలో నిలబడిపోయాను. ఆ తర్వాతి గంటలో పాఠం ఒక్క ముక్క వినలేదు. నోటుపుస్తకం వెనక పేజీల్లో, పోటీల కోసం రెండేళ్లుగా రాసుకున్న ప్రశ్నలున్నాయి. తిరగేశాను. ఎవరు బాధ్యులు, ఎవరి వైఫల్యం, ఎవరి వల్ల. ఒక్కొక్క ప్రశ్న పక్కన "ఎక్కడ" అని రాసి చూశాను. ఎక్కడ మొదలైంది? ఎక్కడ ఆగి ఉండేది? ప్రశ్న మారగానే జవాబు చెప్పేవాళ్లు బోనులోంచి బయటికొచ్చి, నా పక్కకొచ్చి, నాతోపాటు వంగి వెతుకుతున్నట్టు అనిపించింది. గెలిచిన రోజు కూడా ఇంత ఉత్సాహం లేదు. రెండేళ్ల శిక్షణలో నాకెవరూ నేర్పని సంగతిని, పోగు తెగిన చప్పుడుకు ఫోన్ పెట్టేసిన మనిషి చెప్పాడు. ఆ ఉత్సాహం వెనకాలే సిగ్గు కూడా వచ్చింది. నేనిక్కడ ప్రశ్నలు దిద్దుకుంటున్నాను. అక్కడ ఒకామెకు పని పోయింది.

శనివారం నేరుగా అత్త ఇంటికే వెళ్లాను. గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తా, నేను నిన్ను తప్పు పట్టాలని అనలేదు. మామ వాదనలో పొరపాటు సూపించాలనే..."

"కూసో."

కూర్చున్నాను.

"నీ వాదన బాగుండాది పాపా. అందురూ మెచ్చుకున్నారు. నేను గూడా మెచ్చుకున్నా. కాఫీ తాగి పో."

"కోపంగా ఉండాదా అత్తా?"

"కోపం యాలమ్మా? నా ఒళ్లో ఉచ్చ పోసి పెరిగినదానివి. నన్ను మీరన్నావు. 'సెప్పండి' అన్నావు. కోర్టులో నిలబెట్టినట్టుండె. ఆడనే తెలిసె నాకు, ఇది మన పాప గాదు, ఎవురో వచ్చినారు అని."

అప్పటిదాకా నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి "నువ్వు" అని పిలిచిన మనిషిని ఆ ఒక్కరోజు "మీరు" అన్నాను. నా దృష్టిలో అది గౌరవం. ఆమెకు అది గెంటివేత.

క్షమాపణ కోసం బస్సులో కూర్చుకున్న వాక్యాలన్నీ నా వైపు నిలబడి మాట్లాడేవే. అవి వదిలేశాను. "ఆ పొద్దు 'అయితే' అన్నావే అత్తా. దాని తర్వాత ఏమి?"

ఆమె చేతులు ఆగాయి. "ఈడ చెప్తే ఈ చింతపండు వింటాది. నువ్వడిగింది వీధిలో. ఆడ అడుగు, చెప్తా."

"సరే. ఈసారి కరెంటు పోయినప్పుడు అందురినీ..."

"కరెంటు పోతే పనిలేక వింటారు," అంది అత్త. "అది నాకొద్దు."

వీధిలోకి వచ్చాక గానీ ఆమె అడిగిందేమిటో నాకు పూర్తిగా ఎక్కలేదు. కరెంటు ఉండగా మగ్గాలు ఆపాలి. శనివారం మధ్యాహ్నం, రెండు షెడ్లలో పద్నాలుగు మగ్గాలు, ఒకామె సగంలో ఆగిన మాట పూర్తిచేయడం కోసం ఆగాలి. మా వీధిలో బతికున్న మనిషి కోసం అలా ఆపగా నేను చూడలేదు. చావుకు ఆపుతారు. ఆయుధపూజకు ఆపుతారు. ఇంత న్యాయమైన కోరికను ఇంత సూటిగా అడిగిన మనిషిని నేను ఏ వేదిక మీదా చూడలేదు. దాదాపు పరుగెత్తుకుంటూ మామ దగ్గరికి వెళ్లాను.

మామ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీ నాయన పంపినాడా?"

"లేదు మామా."

"మళ్లా అవునా కాదా అంటావా? నా నోట్లో ఏం పెట్టి పలికిస్తావో అని భయంగా ఉండాది మే."

"నువ్వేం పలకొద్దు. నీ మాట నేను చెప్తా, తప్పుంటే దిద్దు. నాయన గోడ తట్టినందుకే నీ గుడ్డ పొయ్యిందని నీ బాధ."

"అది గాదు."

"నష్టమంతా నీ మీదే పడింది, నాయన గూడా సగం మొయ్యాలని..."

"ఛీ! నేనట్లా అన్నానా? ఎన్ని గుడ్డలు పోలేదు నాకు!" టీ గ్లాసు గోడ మీద పెట్టాడు. "గుడ్డ తిరిగొచ్చిన పొద్దు గోడకాడికి పొయ్యి, అప్పా, నా గుడ్డ పొయ్యిందప్పా అంటిని. మీ నాయన ఏమన్నాడో తెల్సా? 'నాకెందుకు చెప్తా ఉండావు' అన్నాడు. ఇరవై ఏండ్లు పక్క పక్కనే బతికినోడు, నాకెందుకు అన్నాడు."

"గుడ్డ పోయినందుకు గాదు. నీ కష్టం వచ్చి చెప్పుకుంటే, నాకెందుకు చెప్తా ఉండావు అన్నందుకు," అన్నాను.

"ఆఁ. అదీ." మామ నా వైపు మొదటిసారి నేరుగా చూశాడు. "అదే నా మాట."

వారం కిందట ఐదు "అవును"లు రాబట్టిన నాకు, ఈ ఒక్క "అదే" వాటన్నిటికన్నా పెద్దదిగా తోచింది. రెండుసార్లు తప్పు చెప్పి, రెండుసార్లు దిద్దించుకున్నాక దొరికిన మాట అది.

మామ అన్నది చెబితే, నాయన ఒప్పుకోవడానికి ముందు గింజుకున్నాడు. "నేనట్లా అన్నానా?" అని ఒకసారి, "ఆ పొద్దు మూడు మగ్గాల్లో పోగులు తెగతా ఉండె" అని ఒకసారి. చివరికి, "అనుంటాను" అన్నాడు. మగ్గాలు ఆపమని అడిగితే మాత్రం, "ఆయన ఆపితే నేనాపతా" అన్నాడు.

గోడ అవతలికి పరుగెత్తాను. "ఫస్టు ఆయన్ను ఆపమను," అన్నాడు మామ.

మళ్లీ ఇవతలికి. నాయన ఒక మగ్గం ఆపి, గోడ వైపు చెవి పెట్టాడు. అవతల ఒకటి ఆగింది. ఇవతల ఇంకొకటి. నేను రెండు గుమ్మాల నడుమ పరుగులు పెడుతూ వేళ్లు చూపిస్తున్నాను, నాయన మూడు, మామ మూడు, నాయన ఐదు. మోత పలచబడుతుంటే, వీధిలో అప్పటిదాకా వినిపించని చప్పుళ్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఎక్కడో కుక్కర్ కూత, ఎవరి ఇంట్లోనో టీవీ, కాకులు. చివరి మగ్గం ఎవరిది ఆగిందో నాకు తెలియదు. ఇద్దరూ తనదే ముందని ఈరోజుకీ అంటారు.

ఎవరో పోయారనుకుని మిగతా షెడ్లవాళ్లూ మగ్గాలు ఆపి బయటికి వచ్చేశారు. "ఎవురికేమైంది?" "ఎవురు పొయ్యినారు?"

"ఎవురూ పోలేదు," అంది అత్త వీధి మలుపు దగ్గరి నుంచి నడుచుకుంటూ వస్తూ.

తిరిగొచ్చిన గుడ్డను మామ తన గుమ్మంలో, ఎండ పడేచోట పరిచాడు. గుడ్డ మొదట్లో అతుకుల వరుస ఇంకా ఉంది. అత్త దాని ముందు కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"అత్తా, యాడ మొదలైంది?"

ఆమె వేలు గుడ్డ మీద జరుగుతూ వెళ్లి ఒకచోట ఆగింది. "ఈడ. ఈ రెండూ నా చేతివే. నువ్వడిగినట్టే రెండూ ఒక్కసారే పట్టుకున్నా. అయితే..."

ఆమె ఆగింది. తలెత్తి చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు.

"అయితే, అవి రెండూ వరుస తప్పొచ్చినాయి. వరుస చెదరకుండా బీముకు కట్టుంటాదే దారం, అది ఆడ లేదు. ఏది నలుపో ఏది నీలమో ఆ లైటు కింద తెలీలేదు. మగ్గంలోంచి చెయ్యెత్తి పిలిస్తిని. ఒకసారి గాదు."

మామ గుడ్డ మీదికి వంగాడు. "పిలిచినావక్కా," అన్నాడు. "సూసినాను. పక్క మగ్గంలో నాడె ఇరుక్కోనుండె. కానీ, కానీ అని చెయ్యి ఊపినా. ఆ దారం గూడా నేనే తెంపినా, బీము ఎక్కించేటప్పుడు."

"నేను గూడా గోడ తట్టినా," అన్నాడు నాయన గోడ అవతలి గుమ్మంలోంచి. "రెండు మూడుసార్లు."

"ఆరుసార్లు," అన్నాడు మామ.

"లెక్కబెట్టినావా?"

"నువ్వు తడతా ఉంటే నాకింగ వేరే పనేముండాది?"

ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు. "తెలీనప్పుడు అతక్కుండా లేసిపొయ్యుండాల. లేసిపోలేదు. అది నా తప్పు," అంది. తర్వాత పక్కన పడి ఉన్న తెగిన పోగుల కుప్పను ముందుకు లాక్కుని, ఎండలో చకచకా రెండు భాగాలు చేసింది. ఇటు నలుపు, అటు నీలం. ఒక్కటీ తప్పలేదు. "కండ్లు పొయ్యినాయన్నోళ్లు వచ్చి సూసుకోండి," అంది జనం వైపు చూడకుండానే.

ఆమెను ఎవరూ నిలదీయలేదు, మామను ఎవరూ ఇరుకున పెట్టలేదు. ఎక్కడ అని అడిగినందుకు ముగ్గురూ ఎవరి ముక్క వాళ్లు తెచ్చి ఆ గుడ్డ పక్కన పెట్టారు. కేక వేయాలనిపించింది. ఆపుకున్నాను.

శాంతి మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. "అక్కా, మా బీము వారం నుంచి కాసుకోనుండాది" అని నాయన, "మాది మాత్రం ఎండబెట్టుకోవాలనా?" అని మామ. అత్త లేచి కొంగు దోపుకుంది. "మామది ముందు. పక్క తలుపు తీసి వెలుగు రానీండి. పోగులు అందించేది ఈ పాప."

"నాకు రాదత్తా."

"నేర్చుకో. ఒకటే పని, నోరు మూసుకుని అందించేది."

మగ్గం లోపల ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. కొత్త బీము నుంచి ఒక్కొక్క పోగునూ వరుసలోంచి విడదీసి ఆమె వేళ్లకు అందించాలి. బూడిద, మెలి, పోగు. బూడిద, మెలి, పోగు. వంద దాటేసరికి నా మెడ పట్టేసింది. ఐదు వందల దగ్గర నల్లదానికి బదులు నీలం అందించాను. "పక్కది," అంది అత్త. అంతే, ఇంకో మాట లేదు. సరైన పోగు అందించాను, మెలి తిప్పింది. ఆ "పక్కది" అన్న మాటలో నా తప్పు దిద్దుకోవడానికి కావాల్సినదంతా ఉంది, నన్ను చిన్నబుచ్చేది చుక్క కూడా లేదు. ఇలా మాట్లాడటం నేర్చుకోవడానికి నాకు ఎన్నేళ్లు పడుతుందో అని ఆలోచిస్తూ ఇంకో పోగు తప్పబోయాను.

ఎండ వాలేసరికి చివరి పోగు అతికింది. అసలు పరీక్ష అప్పుడుంటుంది. అతుకులన్నీ దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి తెగకుండా ఇవతలికి రావాలి. మామ మోటారు వేయకుండా చేత్తోనే మగ్గాన్ని మెల్లగా తిప్పాడు. నాయన గోడ చుట్టూ తిరిగి వచ్చి, వారం తర్వాత మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టి, బీము వైపు నిలబడి పోగులను చేత్తో సర్దాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. "మెల్లగా" అని నాయన గోడకు చెప్పాడు, "తెలుసు" అని మామ మగ్గానికి చెప్పాడు. బూడిద రంగు అతుకులు బారులు తీరి అచ్చులోకి దూరుతుంటే నేను ముందుకు వంగి చూశాను. రెండు తెగాయి. అత్త వంగి అతికింది. మిగతావన్నీ వచ్చేశాయి.

మోటారు వేశారు. జానెడు గుడ్డ రాగానే ఆపి, మామ మోకాళ్ల మీద కూర్చుని, తలుపులోంచి వచ్చే వెలుగు వైపు తల వంచి గళ్లు చూశాడు. నలుపు, నీలం. నలుపు, నీలం. "వచ్చిందక్కా!" అని అరిచాడు. మగ్గం ఆగి ఉందన్న సంగతి మరిచి అరిచాడు కాబట్టి ఆ మాట వీధంతా విన్నది.

ఎప్పటి నుంచి నిలబడి ఉందో, గుమ్మంలో వెనక వీధి షెడ్డాయన భార్య ఉంది. లోపలికి తొంగిచూసి, "అక్కా, మా ఇంటాయన సోమవారం రమ్మన్నాడు," అంది.

"వద్దన్నాడంటనే?"

"వద్దన్నదీ ఆయనే, రమ్మన్నదీ ఆయనే. నన్నేం చెయ్యమంటావు?"

అత్త వేళ్లకంటిన బూడిదను కొంగుకు తుడుచుకుంది. తొందరపడలేదు. "సోమవారం ఈ పక్కింటి బీము ఉండాది. బుధవారం వస్తా. పగలే వస్తా. వాకిలి తలుపు తీసి పెట్టాల. నేను పిలిస్తే మగ్గం ఆపి రావాల. రాకపోతే లేసొచ్చేస్తా. ఇదంతా ఆయనకు చెప్పు."

"బుధవారం, పగలు, తలుపు, పిలిస్తే రావాల," అని ఆమె మననం చేసుకుంది.

"ఆపి రావాల," అంది అత్త.

"ఆపి రావాల," అని దిద్దుకుని, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆమె వెళ్లింది.